పల్లావరం రాయిని గుర్తించిన బ్రూస్ ఫుట్

చెన్నై విమానాశ్రయం పక్కనున్న పల్లావరం మీదుగా మనలో చాలామంది రోజూ వెళ్తుంటాం. భారతదేశంలో పాతరాతియుగం మనిషి ఉన్నాడనడానికి తొలి ఆధారం దొరికింది ఇక్కడే. దాన్ని గుర్తించినవారు రాబర్ట్ బ్రూస్ ఫుట్.

1834 సెప్టెంబర్ 22న ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో పుట్టిన ఫుట్, 24 ఏళ్ల వయసులో భారత భూగర్భ సర్వేలో చేరి మద్రాసు వచ్చారు. ఫ్రాన్స్‌లో నది ఒడ్డు కంకరలో దొరికిన రాతి పనిముట్లు అతి ప్రాచీనమైనవని 1859లో ఇంగ్లండ్ పండితులు అంగీకరించారు. అలాంటివి మన దేశంలోనూ ఉండవచ్చని ఫుట్ వెతకసాగారు.

1863 మే 30న పల్లావరంలో మొరం తవ్విన గుంత దగ్గర మనిషి చెక్కిన రాయి ఆయన కంటపడింది. మరొకరైతే కంకర రాయి అనుకుని వదిలేసేవారే. అదే ఏడాది సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి తిరువళ్లూరు జిల్లా అత్తిరంపాక్కంలో మరెన్నో పనిముట్లు కనుగొన్నారు. అది కొసస్థలైయార్ లోయ. మన నగరి వైపు నుంచి వచ్చే ఏరు కలిసేది ఆ నదిలోనే. అక్కడి పనిముట్లలో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో శాంతి పప్పు బృందం తేల్చింది.

పల్లావరం కొండ రాయి అంతకన్నా ఎంతో పాతది, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కలకత్తాలోని జాబ్ చార్నాక్ సమాధి రాయి కూడా ఈ రకమే కావడంతో, థామస్ హాలండ్ దీనికి చార్నకైట్ అని పేరు పెట్టారు. ఇప్పుడిది జాతీయ భూగర్భ స్మారకం.

తెలుగు నేలతోనూ ఫుట్‌కు అనుబంధం ఉంది. 1884లో బేతంచెర్ల దగ్గరి బిలసర్గం గుహలను పరిశీలించారు. అక్కడి తవ్వకాలను ఆయన కుమారుడు హెన్రీ కొనసాగించగా, జంతువుల ఎముకలు అనేకం బయటపడ్డాయి. బళ్లారి ప్రాంతపు బూడిద దిబ్బలు కొత్తరాతియుగం నాటివని గుర్తించినవారిలోనూ ఫుట్ ముఖ్యులు.

1891లో రిటైరయ్యాక బరోడా, మైసూరు సంస్థానాల్లో పనిచేశారు. ఏర్కాడులో స్థిరపడ్డారు. జీవితమంతా సేకరించిన వస్తువులు 1904లో మద్రాసు మ్యూజియానికి చేరాయి. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో కన్నుమూశారు. ఆయన అస్థికలు ఏర్కాడు చర్చిలో ఉన్నాయి.

క్వారీలు పల్లావరం కొండలను చాలావరకు తినేశాయి. ఆనాటి మొరం నేల మీద ఇళ్లు వెలిశాయి. ఫుట్ ఏరి దాచిన రాళ్లు మాత్రం మిగిలాయి. పిల్లలతో ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లినప్పుడు ఆయన పేరు కూడా చెప్పండి.