విద్యుత్తునకు కంచె గట్టిన ఫారడే

కమ్మరి యింట బుట్టి, పుస్తకములకు అట్టలు గుట్టుచు విద్య నార్జించి, విద్యుచ్ఛాస్త్రమున లోకమునకు గురువైన మహనీయుడు మైకేల్ ఫారడే. ఆయన 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను సమీపమున జన్మించెను. ఇంట లేమి మెండు, బడిచదువు స్వల్పము. 14వ యేట రీబో యను పుస్తకవర్తకుని యొద్ద పనికి గుదిరి, తాను బైండు చేయు గ్రంథములనే తీరికవేళల జదివెను. విద్యుత్తును గూర్చిన తొలిపాఠము అట్లు బైండునకు వచ్చిన విజ్ఞానసర్వస్వముననే లభించెను. ఆ యంగడియే యాయనకు గ్రంథాలయము.

1812లో హంఫ్రీ డేవీ యుపన్యాసములు విని, వానిని వ్రాసి, స్వయముగా బైండు గట్టి డేవీకి బంపెను. మరుసటి యేట రాయల్ ఇన్‌స్టిట్యూషనున సహాయకుడయ్యెను. 1831లో అయస్కాంతపు కదలికచే తీగెయందు విద్యుత్తు పుట్టునని కనుగొనెను. ఇది బడిపిల్లలును ఎరుగుదురు. 1836 నాటి ప్రయోగమును ఎరిగినవారు తక్కువ.

నిడుపు, వెడల్పు, ఎత్తు 12 అడుగులేసి గల గదిని కొయ్యచట్రముతో గట్టించి, రాగితీగెలతోను తగరపు రేకుతోను గప్పించి, నేలకు విద్యుత్తు దిగకుండ నిలిపి, పెద్దయంత్రముతో దానికి విద్యుత్తు నెక్కించెను. వెలుపల నిప్పురవ్వలు చిమ్ముచుండగా, లోపల ఫారడే వెలుగు క్రొవ్వొత్తులతో, విద్యుత్తును పసిగట్టు పరికరములతో నుండెను. అన్యుని బంపక తానే లోని కేగుట గమనింపదగినది. పరికర మొక్కటియు చలింపలేదు. విద్యుత్తు లోహపు వెలిముఖముననే నిలుచునని తేలెను.

ఈ సత్యము అనంతపురము మెట్టలవారికిని అక్కరకు వచ్చునదియే. ఇచ్చట వాన కురియకున్నను పిడుగు పడుట కలదు. చెట్టు క్రింద జేరిన గొఱ్ఱెలకాపరికి అది ప్రాణాంతకము. అట్టివేళ తలుపులు మూసిన బస్సులోనివారిని గాచునది రబ్బరు చక్రములు గావు, చుట్టునున్న లోహపు రేకు. రేకుగది లేని ట్రాక్టరునకు ఆ గుణము లేదు.

రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని వలదని, 1867 ఆగష్టు 25న ఫారడే కన్ను మూసెను. పిదప 20 ఏండ్లకు హెర్ట్జ్ రేడియో తరంగములను ప్రయోగమున జూపెను. వానిని అడ్డుటకును లోహకవచమే సాధనమయ్యెను. నేడు సైన్యపు వార్తావాహనములకు అట్టి కవచము దొడిగి, అది ఎంత గట్టిదో కొలుతురు. వెలుపలినుండి తరంగములు పంపి, లోపల చేరినదానిని, కవచము లేనపుడు అదే దూరమున చేరినదానితో బోల్తురు. తరంగబలము పదవవంతైన 20 డెసిబెళ్లు, నూరవవంతైన 40, వేయవవంతైన 60. తలుపు సందో, కిటికీయో, లోని కేగు తీగె యొక్కటియో యున్న జాలును, చెరువుకట్టకు గండివలె ఆ యంకె దిగిపోవును. అందుచే ప్రసారకమును నలుదిక్కులకు మార్చి, తలుపులు బిగించి, మరల మరల కొలుతురు.