నాడీకణమును చూపిన కహాల్

స్పెయిను దేశమున పెటిల్లా అను చిన్న కొండపల్లె కలదు. 1852వ సంవత్సరము మే నెల 1వ తేదీన అచ్చట శాంటియాగో రామోన్ ఇ కహాల్ జన్మించెను. తండ్రి వైద్యుడు, పేదరికమున పుట్టి కష్టించి చదువుకొన్నవాడు. కుమారుడును వైద్యుడు కావలెనని ఆయన పట్టుదల. బాలునికి మాత్రము బొమ్మలు గీయుటయందే మనసు. చిత్రలేఖనము కూడుపెట్టని విద్యయని తండ్రి దానిని మాన్పింపజూచెను.

బాలుడు మిగుల అల్లరివాడు. పదునొకండవ ఏట స్వయముగా ఫిరంగి చేసి, పొరుగువారి తోట తలుపును పేల్చి, కొన్నినాళ్లు చెరసాలలో ఉండెను. విసిగిన తండ్రి అతనిని మంగలి యొద్దను, చెప్పులు కుట్టువాని యొద్దను పనికి పెట్టెను.

1868వ సంవత్సరపు వేసవిలో తండ్రి అతనిని పాడుపడిన శ్మశానమునకు తీసికొనిపోయి, అచ్చటి యెముకలను చూపి శరీరనిర్మాణమును బోధింపసాగెను. కుమారుడు ప్రతి యెముకను చూచి బొమ్మ గీసెను. ఆ బొమ్మలను చూచి తండ్రి మురిసిపోయెను. తాను అణచివేయదలచిన విద్యయే కుమారుని వైద్యము వైపు నడిపించెను.

1873లో కహాల్ వైద్యపట్టమును పొందెను. సైనికవైద్యుడుగా క్యూబాకు వెళ్లి, మలేరియాతో శల్యమై తిరిగివచ్చెను. సైన్యమున కూడబెట్టిన జీతముతో సూక్ష్మదర్శినిని కొని పరిశోధనలకు పూనుకొనెను.

శరీరము కణములతో నిర్మితమైనదని అప్పటికే తెలియును. కాని మెదడు, వెన్నుపాము, నాడులు మాత్రము ఎడతెగక అల్లుకొన్న ఒకే వలయని పలువురు పండితులు నమ్మిరి. సూక్ష్మదర్శినిలో వారికి చిక్కుపడిన దారపుకండెవంటిది తప్ప వేరేమియు కనబడలేదు. ఇటలీవాడైన గోల్గీ 1873లో పొటాసియం డైక్రోమేటు, వెండి నైట్రేటులతో ఒక పద్ధతిని కనిపెట్టెను. దానివలన అనేక కణములలో ఏవో కొన్ని మాత్రమే కొనకొమ్మలతో సహా నల్లబడి స్పష్టముగా కనబడును. అయినను గోల్గీ వలవాదమునే విశ్వసించెను.

1887లో కహాల్ ఆ పద్ధతిని చూచి ముగ్ధుడయ్యెను. పెరిగిన అడవిలో చెట్టును వేరుపరచి చూచుట కష్టము. మొక్కల తోటలో సులభము. ఈ ఆలోచనతో ఆయన పక్షిపిండముల మెదళ్లను, పసిజంతువుల మెదళ్లను పరీక్షించెను. 1888లో సత్యము బయటపడెను. తోపులోని చెట్ల కొమ్మలు ఒకదానినొకటి సమీపించియు అంటుకొననట్లు, ఒక నాడీకణపు తంతువు వేరొక కణము దరికి వచ్చి ఆగిపోవుచుండెను. ప్రతికణమును ప్రత్యేకమైనదే. వార్త కణపు శాఖలద్వారా లోనికి వచ్చి, పొడవైన తంతువు ద్వారా వెలుపలికి పోవునని కూడ ఆయన గ్రహించెను. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు వార్త వెన్నుపామును చేరి, అచ్చట కణమునుండి కణమునకు మారి, కండరమును కదల్చును. అందుచే నొప్పి తెలియకముందే కాలు వెనుకకు తీయబడును.

కహాల్ సొంతధనముతో పత్రికను నడపి ఈ సంగతులను ప్రకటించెను. కాని ఆ భాషను చదువువారు అరుదు. 1889లో ఆయన బెర్లినులోని విద్వత్సభకు పోయి, తన సూక్ష్మదర్శిని నమూనాలను చూపెను. ప్రసిద్ధుడైన కొలికర్ వానిని చూచి ఆయన పక్షము వహించెను. 1891లో వాల్డయర్ అను పండితుడు నాడీకణమునకు న్యూరాను అని పేరిడెను.

1906లో కహాల్, గోల్గీ ఇరువురికిని నోబెల్ బహుమానము లభించెను. ఆ సందర్భమున గోల్గీ వలవాదమునే సమర్థించుచు ఉపన్యసించెను. మరునాడు కహాల్ తాను చూచినదానిని సాక్ష్యములతో వివరించెను. ప్రత్యర్థి యిచ్చిన సాధనముతోనే ప్రత్యర్థికి కనబడనిదానిని ఆయన చూచెను.

1934 అక్టోబరు 17న కహాల్ మాడ్రిడ్ నగరమున కన్నుమూసెను. 1950వ దశకమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కణముల నడుమనున్న సన్నని యెడమును చూపెను. కొన్నిచోట్ల కణములను కలుపు నేరుదారులు కలవని తరువాత తెలిసినను, ఆయన సిద్ధాంతము నిలిచినది. మనుష్యుని మెదడునందు సుమారు 8,600 కోట్ల న్యూరానులున్నవని నేటి లెక్క. వాని రూపమును తెలుపుటకు కహాల్ గీసిన బొమ్మలు నేటికిని వైద్యగ్రంథములలో ముద్రింపబడుచున్నవి. కూడుపెట్టదని తండ్రి యెంచిన విద్యయే లోకమునకు మెదడును చూపించినది.