బ్యాటరీకి మళ్ళీ మళ్ళీ ప్రాణం పోసినవాడు

కారు బ్యాటరీ ఎవరు కనిపెట్టారని మా క్లాసులో అడిగితే సగం మంది ఎడిసన్ అన్నారు. కాదు ఫ్రెండ్స్, గాస్టన్ ప్లాంటే.

1834లో ఫ్రాన్స్‌లోని ఆర్తెజ్‌లో పుట్టాడాయన. 20 ఏళ్ళకే పారిస్‌లో ఎడ్మండ్ బెక్వెరెల్ దగ్గర ల్యాబ్ అసిస్టెంట్‌గా చేరాడు. మరుసటి ఏడాది పారిస్ దగ్గర ఎగరలేని ఓ భారీ పక్షి శిలాజం ఆయనకి దొరికింది. ఆ పక్షికి ఆయన పేరు మీదే గాస్టోర్నిస్ అని పెట్టారు!

అప్పటి బ్యాటరీలు ఒకసారి అయిపోతే అంతే. 1859లో ప్లాంటే రెండు సీసపు రేకుల మధ్య గుడ్డ పెట్టి, చాపలా చుట్టి, పలచటి సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో ముంచాడు. కరెంటు ఎక్కిస్తే దాచుకుంది, అడిగితే తిరిగిచ్చింది. 1860లో 9 సెల్స్ కలిపిన బ్యాటరీని ఫ్రెంచ్ సైన్స్ అకాడమీకి చూపించాడు.

కానీ కొత్త రేకులు కొంచెమే దాచుకునేవి. అందుకే నెలల తరబడి ఎక్కించడం, దించడం, మళ్ళీ ఎక్కించడం. ఆ ఓపికే నాకు నచ్చింది. పైగా చార్జింగ్‌కి మామూలు సెల్స్ మీదే ఆధారపడాలి, డైనమోలు ఇంకా వాడుకలోకి రాలేదు. 1881లో కామిల్ ఫోర్ సీసపు సమ్మేళనాన్ని ముద్దలా పూసి ఆ పని తేలిక చేశాడు. ప్లాంటే 1889లో, 55 ఏళ్ళకి చనిపోయాడు. కార్లు రోడ్లు నిండటం చూడలేదు.

ఆయన బ్యాటరీ గుణం నేటికీ మారలేదు. వాడకుండా వదిలేస్తే ఖాళీ అవుతుంది. అలాగే ఉంచితే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత చార్జ్ చేసినా పూర్తిగా కరగదు.

నాన్న దుబాయ్‌లో ఉంటారు, మా కారు ఎక్కువగా షెడ్డులోనే. తాతయ్యకి డయాలసిస్, అర్ధరాత్రయినా అది స్టార్ట్ అవ్వాల్సిందే. సెలవుల్లో మల్టీమీటర్ పెట్టి చూశా. లాక్ చేసిన కారు కూడా 20 మిల్లీ ఆంపియర్లు తాగుతోంది. నెలకి 14 ఆంపియర్ అవర్స్! మాది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ. రెండు నెలలు కదపకపోతే సంగతేంటో మీరే లెక్కేయండి.

ఐదు నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఆపేస్తే సరిపోదు, స్టార్ట్ చేయడానికి పోయిందే సరిగ్గా తిరిగి రాదు. వారానికోసారి అరగంట నడపాలి, లేదా నిండగానే తనే తగ్గించుకునే చార్జర్ పెట్టాలి. ఎక్కువ రోజులు ఊరెళ్తే నెగటివ్ టెర్మినల్ తీసేయాలి. ఇప్పుడు ప్రతి ఆదివారం అమ్మ తాతయ్యని ఎక్కించుకుని ఊరి చెరువు దాకా వెళ్ళొస్తుంది. బ్యాటరీ నిండుతుంది, తాతయ్యకీ గాలి మార్పు.