డాక్టరు మేరీ వర్గీస్

మన రాజపాళయమున సంజీవికొండను చూడని బాలుడు లేడు. ఆ పేరు వినగానే, ఒక్క మూలికతో మూర్ఛ తేరి లేచి కూర్చున్న లక్ష్మణుని కథ మనకు జ్ఞప్తికి వచ్చును. అట్టి మూలిక దొరకని వారి గతి యేమి? కాళ్లు చచ్చుపడి మంచము పట్టినవారు మన వీధులలోను ఉన్నారు. వారికి మందును, అన్నమును అందించుచున్నాము. కాని వారి మనస్సులోని దిగులును గూర్చి మాటలాడువారు అరుదు. ఆ దిగులును స్వయముగా అనుభవించి, దానిని దాటిన యొక వైద్యురాలి చరిత్రను మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపదలచితిమి.

మేరీ వర్గీస్ 1925లో కొచ్చి ప్రాంతమున జన్మించెను. ఆమె మాతృభాష మలయాళము. ఆమె కర్మభూమి మాత్రము రాయవేలూరు. తెలుగు రోగులు తరతరములుగా పోవుచున్న ఆ ఊరి క్రైస్తవ వైద్య కళాశాలలో ఆమె చదివి పట్టము పొందెను. స్త్రీల వైద్యమున నిపుణురాలు కావలెనని ఆమె కోరిక. 1954లో తోటివారితో విహారయాత్రకు పోవుచుండగా మోటారుబండి బోల్తాపడెను. ఆమె ముఖమునకు తీవ్రమైన గాయములు తగిలెను. వెన్నుపాము దెబ్బతిని, నడుమునకు దిగువ చలనము పోయెను.

వెన్నుపాము మెదడు ఆజ్ఞలను అవయవములకు చేర్చు త్రాడువంటిది. అది పూర్తిగా తెగినచో మరల అతుకదు. ఎంతటి వ్యాయామమైనను ఆ కాళ్లను తిరిగి నడిపింపజాలదు. వైద్యురాలగుటచేత మేరీకి ఈ సంగతి ఇతరులకన్న బాగుగా తెలియును. ఆమె క్రుంగిపోయెను. ధైర్యవంతులకు దిగులు రాదనుట పొరపాటు. దిగులు పడుట పిరికితనము కాదు; గాయమునకు నొప్పివలె అదియు సహజము.

ఆ కాలమున డాక్టరు పాల్ బ్రాండ్ వేలూరులో కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేయుచుండెను. ఆ పనిని కూర్చుండియు చేయవచ్చునని ఆయన మేరీకి సూచించెను. ఆమె యెదుట ఒక గురి నిలిచెను. కాని ముందు కూర్చుండగలుగవలెను గదా! అందులకై ఆమె వెన్నెముకకు కఠినమైన శస్త్రచికిత్సలు జరిగెను. పిమ్మట చక్రాల కుర్చీలో కూర్చుండి, ఆమె స్వయముగా రోగుల చేతులకు చికిత్స చేయసాగెను. తన కాళ్లు కదలని వైద్యురాలు ఇతరుల వ్రేళ్లకు కదలిక నిచ్చెను.

ఇచ్చట వ్యాయామమును గూర్చి కొంత చెప్పవలెను. కాళ్లు పనిచేయనివారికి భుజములే ఆధారము. మంచమునుండి కుర్చీలోనికి దేహమును చేతులతోనే చేర్చుకొనవలెను. మాటిమాటికి చేతులు ఊని దేహమును పైకెత్తనిచో, ఒత్తిడి తగిలిన చోట పుండ్లు పడును. కదలని కీళ్లను ఇంటివారు మెల్లగా కదిలింపనిచో అవి బిగుసుకొనిపోవును. కావున వ్యాయామము పోయినదానికొరకు కాదు, మిగిలినదానికొరకు. అది మనస్సునకును మేలు చేయును. నిన్న చేయలేని పనిని నేడు కొంచెము చేయగలిగినవాడు రేపటిని గూర్చి తలపోయ నారంభించును. దిగులు అంతటితో తగ్గనిచో మనోవైద్యుని కడకు పోవలెను. అందు సిగ్గుపడవలసినది లేదు.

మేరీ తన మేలుతో తృప్తిపడలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునకును, పిదప న్యూయార్కులో హోవర్డ్ రస్క్ అను వైద్యుని సంస్థకును పోయి, వికలాంగులను తిరిగి జీవితమున నిలబెట్టు విద్యను నేర్చెను. 1963లో వేలూరున ఆ విద్యకై ఏర్పడిన విభాగమునకు అధ్యక్షురాలాయెను. 1966లో రోగులుండి శిక్షణ పొందుటకు పునరావాస కేంద్రము వెలసెను. చికిత్సతోపాటు, తన పనులు తాను చేసికొనుట నేర్పుటయే ఇట్టి కేంద్రముల ఆశయము. 1972లో భారత ప్రభుత్వము ఆమెను పద్మశ్రీతో గౌరవించెను. 1986లో ఆమె దివంగతురాలయ్యెను. వేలూరులోని పునరావాస సంస్థ నేడును ఆమె పేరుతో నడచుచున్నది.

తలిదండ్రులకు మా మనవి యొకటి. ఇంట మంచము పట్టినవారుండినచో వారిని వెనుకగదిలో దాచకుడు. వైద్యుని అడిగి, వారు చేయదగిన వ్యాయామమును, వారు చేయదగిన పనిని కనుగొనుడు. బాలబాలికలారా, మీరు వారి ప్రక్కన కూర్చుండి మాటలాడుడు. సంజీవికొండను పెకలించి తెచ్చుట మనవలన కాదు. దినమున కొక గడియ తోడుండుట మనవలన నగును.