పాస్‌పోర్టు లేనివారికి దారి చూపిన నాన్సెన్

ఓస్లోలో మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా ఫ్రామ్ మ్యూజియం చూపించడం మాకు అలవాటు. ధ్రువయాత్ర చేసిన ఆ చెక్క ఓడ ముందు అందరూ ఫొటోలు దిగుతారు. ఆ యాత్రకు నాయకుడైన ఫ్రిట్యోఫ్ నాన్సెన్‌ను నేనూ చాలాకాలం సాహసికుడిగానే చూశాను. కిందటేడాది పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఇచ్చి, అది చేతికొచ్చేదాకా ఎటూ కదల్లేక కూర్చున్న రోజుల్లో ఆయన జీవితంలోని మిగతా సగం చదివాను.

1861లో ఇప్పటి ఓస్లో శివార్లలో పుట్టిన నాన్సెన్ చదివింది జంతుశాస్త్రం. 1888లో ఐదుగురు సహచరులతో స్కీల మీద గ్రీన్‌లాండ్‌ను అడ్డంగా దాటారు. 1895లో 86 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి, అప్పటికి ఎవరూ చేరనంత ఉత్తరానికి వెళ్లారు.

అరవైకి దగ్గరపడ్డాక ఆయనకు మరో పెద్ద పని ఎదురైంది. 1920లో నానాజాతి సమితి యుద్ధ ఖైదీలను ఇళ్లకు చేర్చే బాధ్యత అప్పగించింది. రెండేళ్లలో నాలుగు లక్షల మందికి పైగా సొంతూళ్లు చేరారు. 1921లో రష్యన్ శరణార్థుల బాధ్యతా ఆయన మీదే పడింది. విప్లవం, అంతర్యుద్ధం తరిమేసిన పది లక్షల మందికి పైగా జనం వాళ్లు. సోవియట్ ప్రభుత్వం వారి పౌరసత్వం రద్దు చేసింది. కాన్‌స్టాంటినోపుల్ లాంటి నగరాలు కిక్కిరిశాయి. ఉన్నచోట పని లేదు, పని ఉన్నచోటికి వెళ్లడానికి కాగితం లేదు.

ఆ కాగితాన్ని నాన్సెన్ 1922లో జెనీవాలో సాధించారు. అదే నాన్సెన్ పాస్‌పోర్టు. క్రమంగా 50కి పైగా దేశాలు దాన్ని గుర్తించాయి. సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్ దానితోనే ప్రయాణించారు. యుద్ధంలో యువతను పోగొట్టుకున్న ఫ్రాన్స్‌కు పనివాళ్లు కావాలి. అలాంటి చోట్లకు శరణార్థులను పంపితే ఒక్క ఊరి మీద పడ్డ భారం పది దేశాలకు పంచినట్టవుతుందని ఆయన ఆలోచన. 1925 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఉద్యోగాలు వెతికిపెట్టింది.

అన్నీ సజావుగా సాగలేదు. ఆ కాగితం ఉన్నా, రానిమ్మని ఏ దేశాన్నీ నిర్బంధించే వీల్లేదు. గ్రీస్, టర్కీల మధ్య జనాభా మార్పిడికి ఆయన మద్దతిచ్చారు. 1923 ఒప్పందంతో పదిహేను లక్షల మందికి పైగా ఇష్టం ఉన్నా లేకున్నా పుట్టిన నేల వదిలారు. ఆర్మీనియన్ల పునరావాసానికి ఆయన అడిగిన డబ్బు దేశాలు ఇవ్వలేదు. 1922 నోబెల్ శాంతి బహుమతి సొమ్మును మాత్రం ఆయన సహాయ పనులకే ఖర్చుపెట్టారు. 1930 మే 13న కన్నుమూశారు.

2015లో ఐరోపా సమాఖ్య గ్రీస్, ఇటలీల నుంచి 1,60,000 మందిని సభ్య దేశాలు పంచుకోవాలని నిర్ణయించింది. రెండేళ్ల గడువు ముగిశాక చూస్తే చేరింది సుమారు 35 వేల మందే. హంగరీ, పోలండ్ ఒక్కరినీ తీసుకోలేదు. సమాఖ్యలో సభ్యత్వం లేకపోయినా నార్వే సుమారు 1,500 మందిని తీసుకుంది.

నా పాస్‌పోర్టు కొన్ని వారాల్లో తిరిగొచ్చింది. ఆ తర్వాత చుట్టాలకు ఓడతో పాటు ఆ కాగితం కథ కూడా చెబుతున్నాను. పిల్లలు ఓడ గురించి కంటే దాని గురించే ఎక్కువ ప్రశ్నలు అడుగుతున్నారు.