వేములవాడ కొలువులో పంప మహాకవి

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని సంఘం పెద్దలు కోరినప్పుడు, మన ప్రాంతంలోనే మెలిగి, మనవాళ్ళు అంతగా తలచుకోని ఒక కవి గుర్తుకొచ్చాడు. ఆయనే పంప మహాకవి. కన్నడిగులు ఆయనను ఆదికవిగా కొలుస్తారు. ఆయన పేరిట కర్ణాటక ప్రభుత్వం 1987 నుంచి పంప ప్రశస్తి అనే పురస్కారం ఇస్తున్నది. అంతటి కవి కొలువు చేసింది మాత్రం మన రాజన్న వెలసిన వేములవాడలో.

పంపడు క్రీ.శ. 902లో జన్మించాడు. ఆయన పూర్వీకులు వేంగినాటి వైదిక బ్రాహ్మణులు. తండ్రి భీమపయ్య జైనమతం స్వీకరించాడు. తల్లి అబ్బణబ్బె ఇప్పటి ధార్వాడ జిల్లాలోని అణ్ణిగేరి వారి ఆడపడుచు. తండ్రి వైపు తెలుగు నేల, తల్లి వైపు కన్నడ నేల. రెండు భాషల వియ్యంతో ఏర్పడిన ఇల్లు అది.

ఆ రోజుల్లో దక్కను మీద రాష్ట్రకూటుల ప్రభుత్వం ఉండేది. వారి రాజధాని మాన్యఖేటం, అంటే నేటి కలబురగి జిల్లాలోని మల్ఖేడ్. వారికి సామంతులుగా వేములవాడ చాళుక్యులు మన సబ్బినాటిని ఏలారు. వీరి రాజధాని మొదట బోధన్, తరువాత వేములవాడ. కొలువులో కన్నడానికి ఆదరణ, పండితులలో సంస్కృతం, ఊళ్ళలో జనం నోట తెలుగు. ఇట్లా మూడు భాషలు ఒకే గడ్డ మీద సర్దుకుని బతికాయి.

ఈ వంశంలో రెండవ అరికేసరి సాహిత్యప్రియుడు. పంపడు ఆయనకు కవీ, యుద్ధంలో వెంట నడిచే వీరుడూ కూడా. 941లో ఆయన రెండు మహాకావ్యాలు పూర్తి చేశాడు. ఒకటి ఆదిపురాణం, మొదటి తీర్థంకరుడైన వృషభనాథుని చరిత్ర. రెండవది విక్రమార్జున విజయం. దీనినే పంప భారతం అంటారు. ఇందులో అర్జునుని పాత్రలో తన ప్రభువు అరికేసరినే నిలిపాడు. మన నన్నయ గారు రాజమహేంద్రవరంలో తెలుగు భారతం మొదలుపెట్టింది దీనికి దాదాపు నూరేళ్ళ తరువాత.

ఇక్కడ ఒక విశేషం ఉంది. వేములవాడలో ఉంటూ కూడా పంపడు తన కావ్యానికి పులిగెరె ప్రాంతపు కన్నడాన్ని ఆధారంగా తీసుకున్నానని చెప్పుకున్నాడు. పులిగెరె అంటే ఇప్పటి గదగ్ జిల్లాలోని లక్ష్మేశ్వరం. అంటే ఆ నాడే కన్నడం ఒక్క తీరుగా లేదు, ఊరికో యాస ఉండేది. కాలంతో భాష మారిన తీరు కూడా ఆ ఊరి పేరులోనే కనబడుతుంది. పాత కన్నడంలో పులిని మనలాగే పులి అనేవారు, ఇప్పుడు హులి అంటున్నారు. పాలు వారికి హాలు అయింది. వెయ్యేండ్ల కిందట ఈ రెండు భాషలు ఇంకా దగ్గరి చుట్టాలు. లిపి కూడా ఇంచుమించు ఒక్కటే.

కావ్యానికి మెచ్చి అరికేసరి పంపనికి ధర్మపురం అనే అగ్రహారాన్ని దానంగా ఇచ్చాడు. అది మన జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురియేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

పంపని కథ ఆయన తమ్ముడు జినవల్లభుని గురించి చెప్పకుంటే పూర్తి కాదు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో గంగాధర మండలం తగులుతుంది. అక్కడి కురిక్యాల ఊరి దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉన్నది. ఆ గుట్టరాతి మీద జినవల్లభుడు జైన విగ్రహాలు చెక్కించి, 945 ప్రాంతంలో ఒక శాసనం వేయించాడు. అది సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ ఉన్నది. అందులోని తెలుగు కంద పద్యాలు మన భాషలో దొరికిన తొలి కందాలలోనివి. అన్న గురించిన వివరాలు, వంశం, అగ్రహారం సంగతి మనకు తెలిసింది చాలావరకు ఈ రాతి వల్లనే. తమ్ముడు ఆ పని చేయించకపోతే కన్నడ ఆదికవి ఇంటి ముచ్చట్లు మనకు దక్కేవి కావు. ఆ తరువాత 959లో సోమదేవసూరి ఇదే గంగాధరలో యశస్తిలక చంపువును సంస్కృతంలో రచించాడు. ఇరవై ఏళ్ళలోపు ఇంత చిన్న ప్రాంతంలో మూడు భాషల్లో ఇంత పని జరిగింది.

తరువాత రాజ్యాలు మారాయి. కాకతీయులు వచ్చారు, గోల్కొండ నవాబులు వచ్చారు. నిజాం సర్కారులో 1884 దాకా ఫారసీ, తరువాత ఉర్దూ దఫ్తరు భాషలయ్యాయి. మనం ఉద్యోగకాలమంతా రాసిన తహసీలు, జమాబందీ, రసీదు, దస్తావేజు, హాజరు, ఇవన్నీ ఆ దారిన వచ్చినవే. సిరిసిల్ల నేతన్నలు భీవండి పోయి మరాఠీ నేర్చారు. కోరుట్ల, జగిత్యాల పిల్లలు గల్ఫ్ పోయి కఫీల్, అకామా అనే అరబ్బీ మాటలు తెచ్చారు. అయినా మన తెలుగు తెలుగుగానే ఉన్నది.

మన యాసను ఉర్దూ కలిసిన కల్తీ మాట అని వెక్కిరించిన రోజులు ఉన్నాయి. ఆ వెక్కిరింతకు జడిసి ఎన్నో ఇండ్లలో పిల్లలు నాయినమ్మ మాట నోట పలకడానికి సిగ్గుపడ్డారు. వారికి పంపని ఇంటి సంగతి చెప్పాలి. వేంగి వారి కొడుకు పులిగెరె కన్నడంలో కావ్యం రాస్తే, ఆయన తమ్ముడు తెలుగును రాతికెక్కించాడు. ఆ ఇంట్లో ఏ భాషా రెండోదాన్ని మింగలేదు. 2008లో కేంద్ర ప్రభుత్వం తెలుగు, కన్నడాలకు ప్రాచీన భాషా హోదాను ఒకేసారి ప్రకటించడం చూస్తే, ఆ అన్నదమ్ములే మళ్ళీ పక్కపక్కన నిలిచినట్టు తోస్తుంది.

పక్క భాష వచ్చి చేరినంత మాత్రాన మాట చెడదు. ఇంట్లో పలకడం మానితేనే పోతుంది. కనుక పెన్షనరు మిత్రులు మనుమలు, మనుమరాండ్రతో మన మాటల్లోనే మాట్లాడాలని, వీలు చూసుకుని వారిని ఒకసారి కురిక్యాల గుట్టకు తీసుకుపోయి ఆ అక్షరాలు చూపించాలని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.