జాకీ కూగన్

అవి సినిమాకు ఇంకా మాటలు రాని రోజులు. నటులు ముఖకవళికలతో, అభినయంతో కథ చెప్పేవారు. వాటిని మూకీ చిత్రాలంటారు. ఆ చిత్రాలలో నటించి లోకమంతటా పేరు పొందిన బాలుడు జాకీ కూగన్.

జాకీ 1914 అక్టోబరు 26న అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో జన్మించాడు. తండ్రి రంగస్థల కళాకారుడు. జాకీ కూడా పసితనంలోనే రంగస్థలం ఎక్కాడు. అక్కడ అతణ్ణి చూసి ముచ్చటపడిన చార్లీ చాప్లిన్ తన చిత్రం 'ది కిడ్'లో అవకాశమిచ్చాడు. 1921లో విడుదలైన ఆ చిత్రంలో జాకీ తల్లి విడిచిపెట్టిన బిడ్డ. చాప్లిన్ అతణ్ణి పెంచిన పేదవాడు. పిల్లవాడు రాళ్లు విసిరి కిటికీ అద్దాలు పగులగొడతాడు. వెంటనే చాప్లిన్ కొత్త అద్దాలు మోసుకొంటూ ఆ దారినే వస్తాడు! వారిద్దరినీ విడదీసే ఘట్టంలో జాకీ విలపించిన తీరుకు ప్రేక్షకులు కంటతడి పెట్టారు.

తరువాత జాకీకి అవకాశాలు వెల్లువెత్తాయి. అతడు ముప్పై, నలభై లక్షల డాలర్లు సంపాదించాడని అంచనా. 1924లో అతడు ఆర్మీనియా, గ్రీసు దేశాల అనాథ బాలల సహాయనిధి కోసం పర్యటించాడు. కాని వయస్సు పెరిగేకొద్దీ అతనికి వేషాలు తగ్గాయి.

1935లో జరిగిన కారు ప్రమాదంలో తండ్రి మరణించాడు. అదే కారులో ఉన్న జాకీ ఒక్కడే బతికి బయటపడ్డాడు. ఆ ఏడాదే అతనికి ఇరవై ఒకటి నిండాయి. తన సంపాదన తనకు ఇమ్మని అడిగాడు. తల్లి, సవతి తండ్రి నిరాకరించారు. 1938లో అతడు న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. అయితే మైనరు బిడ్డ సంపాదన తల్లిదండ్రులదే అని ఆనాటి చట్టం. పైగా చాలా సొమ్ము అప్పటికే ఖర్చయిపోయింది. చివరకు అతనికి దక్కింది దాదాపు 1,26,000 డాలర్లు మాత్రమే.

ఈ అన్యాయం ప్రజలను కదిలించింది. 1939లో కాలిఫోర్నియా రాష్ట్రం బాలనటుల ఆదాయంలో కొంత భాగాన్ని వారి పేర దాచి ఉంచేందుకు చట్టం చేసింది. అదే కూగన్ చట్టం.

కూగన్ నిరాశతో కూర్చోలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో గ్లైడర్ నడిపాడు. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. దానిని మరొక విమానం తాడుతో లాగుతుంది. 1944లో మన అస్సాం నుండి బయలుదేరిన గ్లైడర్లు సైనికులను రాత్రివేళ బర్మా అడవులలోకి చేర్చాయి. ఆ దళంలో కూగన్ ఒకడు. యుద్ధానంతరం మళ్లీ నటనకు వచ్చాడు. 1964 నుండి 1966 వరకు వచ్చిన టెలివిజన్ ధారావాహిక 'ది ఆడమ్స్ ఫ్యామిలీ'లో బట్టతల మామయ్యగా మరో తరం పిల్లలను నవ్వించాడు. 1984 మార్చి 1న కన్నుమూశాడు.

2000 నాటి సవరణతో ఆ చట్టం మరింత బలపడింది. బాలనటుని సంపాదన అతనిదే అయింది. అందులో పదిహేను శాతం అతని పేర తప్పక దాచాలి. తనకు దక్కని న్యాయం తన తరువాతి పిల్లలకు దక్కడానికి కూగన్ పోరాటమే కారణమైంది.